చెరువు చేపలో ప్లాస్టిక్: రేణువులు లెక్కపెడితే సరిపోదు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు తూర్పు తీరంలో వేట నిషేధం. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉంటాయి. వంజరం, చందువ దొరకడమే గగనమైపోతుంది. ఆ రెండు నెలలూ పూర్ణా మార్కెట్‌లో అయినా, ఎంవీపీ రైతు బజార్ చుట్టుపక్కల అయినా ఐసు మీద ఎక్కువగా కనిపించేవి చెరువు చేపలే. బొచ్చె, శీలావతి, మోసు, రూప్‌చంద్. చాలావరకు ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల చెరువుల నుంచి లారీల్లో దిగుతాయి. వీటికి తోడు మన చుట్టుపక్కల రిజర్వాయర్లలోనూ, కొండకర్ల ఆవ సరస్సులోనూ పట్టిన చేపలు ఊళ్ల సంతలకు వస్తాయి.

సముద్రం పక్కనున్న ఊరు కాబట్టి ప్లాస్టిక్ కాలుష్యం అనగానే మనకు ఆర్కే బీచ్‌లో అలలు తెచ్చి పడేసే కవర్లు, సీసాలే గుర్తొస్తాయి. అందుకే ఈ విషయంలో రెండు రకాల మాటలు వింటున్నాం. "సముద్రపు చేపలో ప్లాస్టిక్ ఉంటుంది, చెరువు చేప నయం" అనేది ఒకటి. వాట్సాప్‌లో ఏదో వీడియో చూసి "అసలు చేపే మానేశాం" అనేది ఇంకొకటి. రెండూ తొందరపాటు మాటలే. మంచినీటి చేపల్లో మైక్రోప్లాస్టిక్ ఉంది. నదులు, సరస్సులు, చెరువులు, రిజర్వాయర్లు, ఎక్కడ వెతికినా పరిశోధకులకు అది దొరుకుతూనే ఉంది. కానీ "ఉంది" అన్న ఒక్క మాటతో మనం తేల్చుకోగలిగింది చాలా తక్కువ. అది ఎంత సైజుది, చేప ఒంట్లో ఎక్కడుంది, అందులో మన కంచంలోకి వచ్చేదెంత, అసలు నీళ్లలోకి ఎక్కడి నుంచి దిగింది? ఇవి విడివిడిగా చూస్తే గానీ ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కర్లేదో తెలియదు.

5 మిల్లీమీటర్ల కన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలన్నిటినీ మైక్రోప్లాస్టిక్ అంటున్నారు. అంటే బియ్యపు గింజంత ముక్క నుంచి కంటికి ఆనని నలుసు దాకా అంతా ఒకే పేరు కిందకు వచ్చేసింది. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త రిచర్డ్ థాంప్సన్, ఆయన బృందం 2004లో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. ఒక మైక్రాన్ కన్నా చిన్నవైతే నానోప్లాస్టిక్ అంటారు. ఈ సైజుల తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, ముందు ముందు చాలా అవసరం పడుతుంది.

ఇవి పుట్టే దారులు అనేకం. ఎండకు పెళుసెక్కి చిట్లిన కవర్, సీసా మూత, థర్మాకోల్ డబ్బా అందరికీ కనిపించేవి. కనిపించనివి రెండున్నాయి. ఒకటి మన బట్టలు. పాలిస్టర్, నైలాన్, అక్రిలిక్ బట్టలు ఉతికిన ప్రతిసారీ సన్నటి పోగులు రాలతాయి. ప్లిమత్ విశ్వవిద్యాలయంలోనే 2016లో చేసిన ఒక అధ్యయనం ప్రకారం 6 కిలోల అక్రిలిక్ బట్టలు మెషీన్‌లో ఒకసారి ఉతికితే 7 లక్షలకు పైగా పోగులు నీళ్లలోకి వెళ్లొచ్చు. చేపల కడుపులో దొరికేవాటిలో ఈ పోగులదే పెద్ద వాటా అని చాలా పరిశోధనల్లో తేలింది. రెండోది టైర్లు. బ్రేకు వేసినప్పుడల్లా, మలుపు తిరిగినప్పుడల్లా టైరు కొంచెం అరుగుతుంది. ఆ అరిగిన పొడి రోడ్డు మీదే ఉండి, వాన పడగానే కాలువలోకి జారుతుంది. పోర్టుకు వచ్చిపోయే లారీలతో మన జాతీయ రహదారి ఎలా ఉంటుందో చూసినవాళ్లకు ఆ పొడి ఎంత పోగవుతుందో చెప్పక్కర్లేదు.

గెడ్డ దారిలో

ఉత్తరాంధ్రలో కొండ మీద నుంచి దిగే ప్రతి చిన్న ప్రవాహానికీ గెడ్డ అనే పేరు. విశాఖ నగరం ఈ గెడ్డల మీదే పెరిగింది. ఇప్పుడు వాటిలో చాలావాటికి రెండు పక్కలా కాంక్రీటు గోడలు కట్టేశారు. వానాకాలంలో వాన నీరు, మిగతా కాలమంతా ఇళ్ల వాడుక నీరు మోసే కాలువలుగా మారిపోయాయి. బట్టలు ఉతికిన నీరు, రోడ్డు కడిగిన నీరు, గట్టు మీద నుంచి తోసేసిన చెత్త అన్నీ అందులోకే.

2021లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం నదుల నుంచి సముద్రానికి చేరే ప్లాస్టిక్‌ను కొత్తగా లెక్కగట్టింది. అంతకు ముందు ఏవో కొన్ని మహానదులే ఇదంతా మోసుకొస్తున్నాయని అనుకునేవారు. ఈ లెక్కలో వెయ్యికి పైగా నదులు కలిస్తే గానీ 80 శాతం కాలేదు. జనం కిక్కిరిసిన ఊళ్ల మధ్య నుంచి పారే చిన్న ప్రవాహాలే ఎక్కువ ప్లాస్టిక్‌ను మోస్తున్నాయని తేలింది. మన గెడ్డలు సరిగ్గా ఆ కోవలోవే. పొడవు తక్కువ, వాలు ఎక్కువ, ఒడ్డున జనం ఎక్కువ. ఊళ్లో పడిన కవర్ ఒక గట్టి వానకే కింది చెరువుకో, రిజర్వాయర్‌కో, సముద్రానికో చేరిపోతుంది.

పారే నీటి కన్నా ఆగిన నీరు ఇంకా చిక్కు. నది ప్లాస్టిక్‌ను మోసుకుపోతుంది. రిజర్వాయర్ పట్టి ఉంచుతుంది. పెందుర్తి వైపు ఎగువన ఇళ్లూ లేఅవుట్లూ పెరిగేకొద్దీ మేఘాద్రిగెడ్డ రిజర్వాయర్‌లోకి దిగే నీటితో పాటు ఏం దిగుతుందో ఆలోచించండి. ఆనకట్ట దగ్గర ప్రవాహం ఆగుతుంది, బరువైనవి అడుగున బురదలో దిగబడిపోతాయి. కేరళలోని వెంబనాడ్ సరస్సు అడుగు మట్టిని పరీక్షించిన పరిశోధకులు 2017లో చదరపు మీటరుకు సగటున 252 రేణువులు ఉన్నాయని ప్రకటించారు. మన దేశంలో సరస్సు మట్టి మీద వచ్చిన తొలి లెక్కల్లో అదొకటి.

అలా దిగబడినవి అక్కడే ఉండిపోతాయా అంటే, ఉండవు. ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ చుట్టుపక్కల నదుల అడుగు మట్టిని పరిశోధకులు 2015-16 శీతాకాలపు వరదలకు ముందు, తర్వాత పరీక్షించారు. నది అడుగున పేరుకున్న మైక్రోప్లాస్టిక్‌లో దాదాపు 70 శాతాన్ని ఆ వరదలు ఊడ్చుకుపోయాయి. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన మీద పడ్డ రోజునూ, 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన రోజులనూ ఈ లెక్కతో కలిపి చూడాలి. బుడమేరు నీరు చివరికి చేరేది కొల్లేరుకు. నిషేధ కాలంలో మనం కొనే చేపల్లో చాలా భాగం ఆ కొల్లేరు చుట్టూ ఉన్న చెరువుల్లో పెరిగినవే.

చెరువులో ఏ చేప ఏం తింటుంది

మన చేపల చెరువుల్లో బొచ్చె, శీలావతి, మోసు కలిపి పెంచడం వెనక ఒక లెక్క ఉంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పైపొరలో తిరిగే సూక్ష్మజీవులను తింటుంది. శీలావతి నడిమి నీళ్లలో మేస్తుంది. మోసు అడుగున బురదలో వెతుక్కుంటుంది. ఒకదాని మేతకు ఇంకొకటి పోటీ రాదు.

ప్లాస్టిక్ కూడా ఇలాగే పొరలుగా సర్దుకుంటుంది. కవర్లు చేసే పాలిథీన్, తాళ్లు, గోనె రకం సంచులు చేసే పాలీప్రొపిలీన్ నీటి కన్నా తేలిక, పైన తేలతాయి. వలలకు వాడే నైలాన్, నీళ్ల సీసాలకూ పాలిస్టర్ బట్టలకూ వాడే పెట్, ఫ్లెక్సీలకు వాడే పీవీసీ నీటి కన్నా బరువు, అడుక్కి చేరతాయి. అంటే పైపొర చేపకు ఒక రకం, అడుగు చేపకు ఇంకో రకం తగులుతుందన్నమాట. అయితే ఈ సర్దుబాటు ఎల్లకాలం ఇలాగే ఉండదు. తేలే ముక్కకు కొన్ని రోజుల్లో పాచి పడుతుంది, బరువెక్కి మెల్లగా మునుగుతుంది. పాచి పట్టిన ముక్కకు మేత వాసన కూడా వస్తుంది. సముద్రంలో నెత్తళ్ల జాతి చేపల మీద 2017లో అమెరికాలో చేసిన ప్రయోగంలో శుభ్రమైన ప్లాస్టిక్ వాసనను చేపలు పట్టించుకోలేదు, పాచి పట్టిన ప్లాస్టిక్ వాసనకు మాత్రం మేత కోసం వెతుకుతున్నట్టు గుంపుగా కదిలాయి. చేప పొరపాటున మింగుతోందని మనం అనుకుంటాం గానీ, చాలాసార్లు దానికి అది మేతగానే తెలుస్తోంది.

సముద్రపు చేపకూ మంచినీటి చేపకూ ఒక పెద్ద తేడా ఇక్కడే ఉంది. ఉప్పు నీరు చేప ఒంట్లోని నీటిని లాగేస్తుంది కాబట్టి సముద్రపు చేప నీళ్లు తాగుతూనే ఉండాలి, ఆ నీళ్లతో పాటు సన్న రేణువులూ పోతాయి. మంచినీటి చేప పరిస్థితి తలకిందులు. నీరు దాని ఒంట్లోకి దానంతటదే చొరబడుతూ ఉంటుంది, కాబట్టి అది దాదాపు తాగదు, లోపలికి వచ్చిన నీటిని మూత్రంగా బయటకు పంపడమే దాని పని. అందువల్ల మంచినీటి చేపలోకి ప్లాస్టిక్ వెళ్లేది ముఖ్యంగా మేత వెంట, మొప్పల వెంట. ఇది తెలిస్తే తర్వాతి ప్రశ్న సులువవుతుంది: చెరువులో మేత ఎలా పెడుతున్నారు?

కైకలూరు, ఆకివీడు వైపు వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. చెరువు నిండా వెదురు గెడలు పాతి ఉంటాయి. వాటికి నైలాన్ తాళ్లతో వేలాడుతూ సంచులు. తవుడు, నూనె తీసిన తవుడు (డీఓబీ), నూనె గింజల చెక్క కలిపి ఆ సంచుల్లో నింపి, అడుగున కన్నాలు పెట్టి, సగం నీళ్లలో మునిగేలా కడతారు. చేపలు వచ్చి ఆ కన్నాలను మూతితో పొడుచుకుంటూ మేత లాగి తింటాయి. మేత బురదలో కలిసి వృథా పోకుండా మన రైతులు కనిపెట్టిన తెలివైన పద్ధతి ఇది. దీన్ని మెచ్చుకోకుండా ఉండలేం. కానీ ఆ సంచిని ఒకసారి దగ్గరగా చూడండి. చాలావరకు అది నేసిన పాలీప్రొపిలీన్ సంచి. నీటి పైన ఉన్న సగం రోజంతా ఎండలో ఉంటుంది. కొన్నాళ్లకు రంగు వెలిసి, అంచుల్లో తెల్లటి పోగులు లేచి, వేలితో రాస్తే పొడి రాలుతుంది. సరిగ్గా ఆ కన్నాల దగ్గరే వందల చేపల మూతులు రాపిడి పెడుతుంటాయి. మైక్రోప్లాస్టిక్ తయారవడానికి ఎండ, నీరు, రాపిడి మూడూ తోడ్పడతాయి. ఆ మూడూ మేత ఉన్న చోటే కలుస్తున్నాయి. నా మట్టుకు నాకు మన చెరువు చేపల విషయంలో ముందుగా పరీక్షించాల్సింది ఈ సంచే అనిపిస్తుంది. దాన్ని మార్చడం కూడా ఊరి గెడ్డలన్నిటినీ బాగుచేయడంతో పోలిస్తే చాలా చిన్న పని.

పేగులో ఉన్నది, కండలో ఉన్నది

మార్కెట్‌లో చేప కోయించుకునేటప్పుడు మనం ఫోన్ చూసుకుంటూ ఉంటాం. ఒక్కసారి కత్తిపీట వైపు చూడండి. శీలావతి పొట్ట చీల్చగానే సన్నగా, నల్లపచ్చగా, చుట్టలు చుట్టలుగా పేగు బయటికొస్తుంది. తీస్తుంటే వస్తూనే ఉంటుంది. శాకాహారం ఎక్కువగా తినే చేప కాబట్టి దాని పేగు ఒంటి పొడవుకు ఎన్నో రెట్లుంటుంది. చేప ఒంట్లో ప్లాస్టిక్ రేణువులు ఎక్కువగా దొరికేది అక్కడే, ఆ తర్వాత మొప్పల్లో. ఆ రెండూ కత్తిపీట దగ్గరే ఆగిపోతాయి. "లోపలంతా తీసేయమంటారా అమ్మా?" అని చేప కోసే ఆవిడ అడిగే మామూలు ప్రశ్నలోనే ఈ సమస్యకు సగం జవాబుంది.

మింగిన ప్లాస్టిక్ అంతా చేపలో ఉండిపోదు కూడా. మేత అరిగినట్టు అరగకపోయినా, మలంతో పాటు చాలావరకు బయటికి పోతుంది. చెరువు పట్టుబడికి ముందు రోజు మేత ఆపేయడం మన దగ్గర మామూలే. కడుపు ఖాళీగా ఉంటే చేప దారిలో పాడవదని అలా చేస్తారు. దానివల్ల పేగులో ఉన్న రేణువులు కూడా కొంత తగ్గుతాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు లెక్క వేస్తుంటారు. పెద్ద చేపల్లో పాదరసం పోగవుతుందని చదివి, ప్లాస్టిక్ కూడా అంతే అనుకుంటారు. పాదరసం కండలో కలిసిపోయి అక్కడే ఉంటుంది, చిన్న చేపను తిన్న పెద్ద చేపలో ఇంకా పెరుగుతుంది. మైక్రోప్లాస్టిక్ విషయంలో అలా మెట్టు మెట్టుకూ పెరుగుతుందన్న రుజువు దొరకలేదు. కొర్రమేను, వాలుగ లాంటి చేపలు చిన్న చేపలను తింటాయి కాబట్టి వాటిలో ప్లాస్టిక్ కొండలా పేరుకుపోతుందని భయపడక్కర్లేదు.

అలాగని పేగు తీసేస్తే అంతా పోయినట్టేనా? పోదు. బాగా సన్నని రేణువులు పేగు గోడ దాటి కాలేయానికి, కొంతవరకు కండకు చేరగలవు. కోసేటప్పుడు చేతుల నుంచి, బల్ల నుంచి అంటుకునేవీ ఉంటాయి. మలేషియాలో ఎండు చేపల మీద 2017లో చేసిన పరీక్ష అందరినీ ఆశ్చర్యపరిచింది. నాలుగు రకాల ఎండు చేపలు తీసుకుని లోపలి భాగాలను, కండను వేరువేరుగా చూస్తే, రెండు రకాల్లో కండలోనే ఎక్కువ రేణువులు కనిపించాయి. ఎండు చేపలను టార్పాలిన్ మీద ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో నింపి అమ్మే మన దగ్గర ఇది గుర్తుంచుకోవాల్సిన మాట. ఎండు చేపను వండేముందు వేడినీళ్లలో వేసి రెండు మూడు సార్లు కడగడం మన పెద్దవాళ్లు ఎప్పుడూ చేసేదే, దాన్ని మానకుండా ఉంటే చాలు.

ఎక్కువ జాగ్రత్త అవసరమైనవి పేగుతో సహా తినేవి. పరిగెలు, చిన్న చేపలు చింతచిగురులో వేసి వండుతాం కదా, వాటిని పొట్ట నొక్కి లోపలిది తీసేయాలి. ఓపిక కావాలి, కానీ తీస్తే తేడా ఉంటుంది. రొయ్య వీపు మీది నల్ల నరం దాని పేగే. తలకాయ పులుసు పెట్టేవాళ్లు మొప్పలు పూర్తిగా తీయించాలి.

లెక్కల దగ్గర వచ్చే చిక్కు

ఒక పరిశోధనలో చేపకు రెండు రేణువులు అంటారు, ఇంకో దాంట్లో ఇరవై అంటారు. మరో వార్తలో వేలల్లో ఉంటుంది. చదివేవాళ్లకు ఏది నమ్మాలో తెలియదు. ఇది ఎవరో అబద్ధం చెప్పడం వల్ల వచ్చిన తేడా కాదు, కొలిచే పద్ధతిలో ఉన్న తేడా.

ఒక మిల్లీమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉందనుకోండి. అది పది మైక్రాన్ల ముక్కలుగా పగిలితే 10 లక్షల రేణువులవుతుంది. బరువు మాత్రం అంతే. రేణువులు లెక్కపెట్టే పద్ధతిలో కాలుష్యం 10 లక్షల రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. బరువు తూచే పద్ధతిలో ఏమీ మారలేదు. నిజం ఈ రెంటి మధ్యా ఉంది. ప్లాస్టిక్ పెరగకపోయినా బయటకు తెరుచుకున్న దాని ఉపరితలం 100 రెట్లు పెరిగింది, కణజాలంలోకి దూరే గుణం కూడా పెరిగింది.

ప్రయోగశాలలో చేప పేగును పొటాషియం హైడ్రాక్సైడ్ లాంటి క్షారంలో వేసి, వెచ్చగా ఉంచి, మాంసం అంతా కరిగేదాకా వదిలేస్తారు. ప్లాస్టిక్ కరగదు. మిగిలిన దాన్ని వడపోసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. వడపోత జల్లెడ కన్నాలు 300 మైక్రాన్లైతే అంతకన్నా సన్నవన్నీ జారిపోతాయి. ఐదు మైక్రాన్లైతే వాటిలో చాలావరకు పట్టుబడతాయి. ఒకే చేపకు రెండు జల్లెడలు రెండు వేరువేరు సంఖ్యలు చెబుతాయి. ఇంకో గొడవ, కంటికి కనిపించిన ప్రతి రంగు పోగూ ప్లాస్టిక్ కాదు. నూలు పోగు, వెంట్రుక, నాచు కూడా అలాగే ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్ లేదా రామన్ పరికరంతో రసాయన ముద్ర చూసి నిర్ధారించిన లెక్కకూ, కంటి చూపుతో వేసిన లెక్కకూ చాలా దూరం. పరీక్ష చేసేవాళ్ల బట్టల నుంచి రాలే పోగులు కూడా నమూనాలో పడతాయి. అందుకే మంచి ప్రయోగశాలలో పక్కనే చేప లేని ఖాళీ పాత్ర పెట్టి, అందులో పడినవి లెక్కలోంచి తీసేస్తారు. వార్తలో సంఖ్య చూసినప్పుడు జల్లెడ ఎంత, నిర్ధారణ ఎలా, ఖాళీ పాత్ర పెట్టారా అని వెతకండి. అవి లేని సంఖ్యకు విలువ తక్కువ.

వారానికి ఒక ఏటీఎం కార్డంత ప్లాస్టిక్ తింటున్నాం అన్న మాట మీరూ విని ఉంటారు. 2019లో వచ్చిన లెక్క అది, వారానికి 5 గ్రాములని. 2021లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు చేప, ఉప్పు, నీరు, పాలు, గాలి వగైరాలు కలిపి మళ్లీ లెక్కేస్తే పెద్దవాళ్లకు రోజుకు సుమారు 883 రేణువులు, బరువు 583 నానోగ్రాములని వచ్చింది. పాత లెక్క కన్నా ఇది దాదాపు 12 లక్షల రెట్లు తక్కువ. కార్డు కథ ఇంకా వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది, రెండో లెక్క ఎవరికీ చేరలేదు. భయపెట్టే మాటకున్న వేగం సరిదిద్దే మాటకు లేకపోవడం బాధగా ఉంటుంది.

మన ఒంటికి ఏమవుతుంది

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో తాగునీటిలో మైక్రోప్లాస్టిక్ మీద నివేదిక ఇచ్చింది. 150 మైక్రాన్ల కన్నా పెద్దవి ఒంట్లోకి ఇంకే అవకాశం తక్కువని అందులో ఉంది. మిల్లీమీటరులో దాదాపు ఏడో వంతు అది. అంటే చేప పేగులో కంటికి కనిపించి మనల్ని భయపెట్టే ముక్క, పొరపాటున తిన్నా, చాలావరకు బయటకు పోయేదే. టెన్షన్ పడాల్సింది కనిపించని సన్నవాటి గురించి.

వాటి గురించి వస్తున్న సమాచారం తేలిగ్గా తీసుకునేది కాదు. 2022లో నెదర్లాండ్స్‌లో 22 మంది రక్తాన్ని పరీక్షిస్తే 17 మందిలో ప్లాస్టిక్ జాడ దొరికింది. 2024లో ఇటలీ వైద్యులు మెడ రక్తనాళాల్లో పేరుకున్న కొవ్వు పూడికను ఆపరేషన్‌తో తీసి పరీక్షించారు. 257 మందిలో 150 మందికి ఆ పూడికలో పాలిథీన్ ఉంది. దాదాపు మూడేళ్ల పాటు గమనిస్తే, ప్లాస్టిక్ ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం లేదా మరణం ముప్పు నాలుగున్నర రెట్లు ఎక్కువగా కనిపించింది. ప్లాస్టిక్ వల్లే అలా జరిగిందని ఆ అధ్యయనం రుజువు చేయలేదు, రెండూ కలిసి కనిపించాయని మాత్రమే చెప్పింది. అయినా ఆ మాట విన్నాక నిశ్చింతగా ఉండలేం.

అయితే అదంతా చేప వల్ల వచ్చిందా? ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. స్కాట్లాండ్‌లో 2018లో చేసిన ఒక అధ్యయనం ఆల్చిప్పలు తినడం వల్ల లోపలికి వెళ్లే పోగులనూ, తినే సమయంలో ఇంటి దుమ్ము నుంచి కంచంలో పడే పోగులనూ పోల్చింది. ఆల్చిప్పల ద్వారా ఏడాదికి ఎక్కువలో ఎక్కువ 4,620 అయితే, దుమ్ము ద్వారా 13,731 నుంచి 68,415 దాకా. కర్టెన్, సోఫా, మన ఒంటి మీది పాలిస్టర్ చొక్కా కంచం పక్కనే కూర్చుని ఉన్నాయి. చేప మానేసి చికెన్‌కు మారితే తప్పించుకున్నట్టూ కాదు. అమెరికాలో 2024లో చేప, చికెన్, మొక్కలతో చేసిన మాంసం లాంటి పదార్థాలు కలిపి 16 రకాల పదార్థాలను పరీక్షిస్తే 88 శాతం నమూనాల్లో ప్లాస్టిక్ రేణువులున్నాయి. ఫ్యాక్టరీలో ఎక్కువ చేతులు మారిన వాటిలోనే ఎక్కువ కనిపించాయి. సీసా నీళ్లలో లీటరుకు దాదాపు 2 లక్షల 40 వేల రేణువులని కొలంబియా విశ్వవిద్యాలయం 2024లో ప్రకటించింది. అందులో పదింట తొమ్మిది నానోప్లాస్టిక్కే. చేప కడుపు గురించి ఆందోళనపడుతూ చేతిలో ప్లాస్టిక్ సీసా పట్టుకుని ఉండడంలో అర్థం లేదు. మంచి మాంసకృత్తులు, ఒమేగా కొవ్వులు ఇచ్చే ఆహారాన్ని, అందులోనూ సామాన్యుడికి అందే ధరలో ఉన్న చెరువు చేపను, పిల్లల కంచం నుంచి తీసేయొద్దని గట్టిగా చెబుతాను.

మనకన్నా ముందు నష్టపోతున్నది చేప. ప్లాస్టిక్ తిన్న చేపలు మేత తగ్గించడం, పేగు లోపలి పొర దెబ్బతినడం, కాలేయం ఒత్తిడికి లోనవడం ప్రయోగాల్లో చూశారు. ఆ ప్రయోగాల్లో చాలావాటిలో వాడిన మోతాదు నదుల్లో ఉన్నదానికన్నా ఎక్కువ అన్నది కూడా చెప్పుకోవాలి. అయితే టైరు సంగతి వేరు. అమెరికాలో సియాటెల్ చుట్టుపక్కల వాగుల్లో వాన పడిన ప్రతిసారీ గుడ్లు పెట్టడానికి వచ్చిన కోహో సాల్మన్ చేపలు గుట్టలుగా చచ్చిపోయేవి. ఏళ్ల తరబడి వెతికి, టైరు పాడవకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి మారే పదార్థమే కారణమని 2020లో తేల్చారు. అన్ని జాతుల మీదా అది ఒకేలా పనిచేయదు, కొన్ని చేపలు తట్టుకుంటాయి. మన శీలావతి, మోసు, జెల్ల ఎంతవరకు తట్టుకుంటాయన్నది మన నీళ్లలో, మన చేపల మీదే చూడాలి.

ఎక్కడ ఆపాలి

ఇంట్లో చేయగలిగింది కొద్దిగానే ఉంది. పేగు, మొప్పలు తీయించడం, బాగా కడగడం, ప్లాస్టిక్ బోర్డు బదులు చెక్క మీదో కత్తిపీట మీదో కోయడం, నల్ల కవర్ బదులు స్టీలు డబ్బా తీసుకెళ్లడం. వేడివేడి పులుసు ప్లాస్టిక్ డబ్బాలో పోయకపోవడం. అంతే. అసలు పని కాలువ దగ్గర ఉంది.

మురుగునీటి శుద్ధి కేంద్రం మైక్రోప్లాస్టిక్‌ను బాగానే పడుతుంది. స్కాట్లాండ్‌లో ఆరున్నర లక్షల మందికి పనిచేసే ఒక కేంద్రాన్ని 2016లో పరిశీలిస్తే 98 శాతానికి పైగా రేణువులు ఆగిపోతున్నాయి. అయినా రోజుకు ఆరున్నర కోట్లు నదిలోకి వెళ్తున్నాయి. శుద్ధి కేంద్రమే లేకుండా నేరుగా గెడ్డలోకి దిగే నీటి సంగతి దీన్ని బట్టే అర్థమవుతుంది. ఆగిన ఆ 98 శాతం కూడా మాయమవదు, అడుగున దిగే బురదలో ఉంటుంది. ఆ బురదను ఎరువుగా పొలంలో వేస్తే వానకు మళ్లీ చెరువులోకే వస్తుంది. కాబట్టి శుద్ధి కేంద్రం కట్టామని చెప్పే ప్రతి చోటా బురదను ఏం చేస్తున్నారని అడగాలి.

చట్టాలు లేక కాదు. 2022 జూలై 1 నుంచి కొన్ని ఒకసారి వాడి పారేసే వస్తువులపై దేశమంతటా నిషేధం ఉంది. క్యారీ బ్యాగ్ మందం 2022 డిసెంబర్ 31 నుంచి 120 మైక్రాన్లకు తగ్గకూడదు. మందం కవర్ అయితే జనం దాచి మళ్లీ వాడతారని, చెత్త ఏరేవాళ్లకు ధర పలుకుతుందని దాని ఉద్దేశం. మార్కెట్‌లో చేప వేసి ఇస్తున్న కవర్‌ను రెండు వేళ్ల మధ్య నలిపి చూస్తే ఆ నిబంధన ఎంతవరకు వచ్చిందో తెలిసిపోతుంది.

ఆహారంలో మైక్రోప్లాస్టిక్‌ను కొలవడానికి ఒకే పద్ధతి తయారు చేసే ప్రాజెక్టును కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 మార్చిలో మొదలుపెట్టింది. లక్నోలోని విషపదార్థాల పరిశోధన సంస్థ ఐఐటీఆర్, కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, బిట్స్ పిలానీ అందులో ఉన్నాయి. అందరూ ఒకే జల్లెడతో కొలిస్తే గానీ, ఇంతకు మించి ఉండకూడదు అని హద్దు గీయలేరు. అందుకే నా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. ఆ మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖలోనే పరిశోధన కేంద్రం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఇక్కడే ఉంది. ఇంతమంది నిపుణులున్న ఊళ్లో మేఘాద్రిగెడ్డ చేప మీద ఏటా ఒక లెక్క ప్రజల ముందుకు రావాలని కోరడం పెద్ద కోరిక కాదు.

ఆ లెక్క పనికొచ్చేలా తీయాలంటే కొన్ని పట్టింపులు ఉండాలి. నీటిని మాత్రమే పట్టుకెళ్తే చాలదు, అడుగు బురద, బొచ్చె, మోసు, ఏదైనా చిన్న చేప కలిపి తీయాలి. పేగు, మొప్పలు, కండ విడివిడిగా చూడాలి. మేత సంచి వేలాడే చెరువులోనూ, తేలే గుళికల మేత చల్లే చెరువులోనూ ఒకే వయసు చేపలను పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఇక గెడ్డలు కలిసే రిజర్వాయర్ దగ్గరైతే ఏడాదికి రెండు నమూనాలు తప్పనిసరి. ఒకటి మే నెలలో, నీళ్లు అడుగంటి ప్రవాహం నిలిచిపోయినప్పుడు. రెండోది తొలి గట్టి వాన పడి, ఎగువ ఊళ్ల చెత్తంతా కొట్టుకొచ్చిన మర్నాడు.